చింతను ప్రశ్నిస్తే చిత్తశాంతి



మహాభారతంలోని అరణ్యపర్వం చివర యక్షప్రశ్నల ఘట్టం ఉన్నది. మన రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ భట్టారకుడు తెలుగు భారతాన్ని ఆరంభించాడు. అరణ్యపర్వం నడుమ ఆగిన ఆ రచనలో ఆ పర్వశేషాన్ని తరువాతి కాలంలో ఎఱ్ఱన పూరించాడు. ఈ ఘట్టం ఆ శేషభాగంలోనిది. యక్షుడు ధర్మరాజును అడిగిన అనేక ప్రశ్నలలో రెండు మన నేటి పాఠానికి ఆధారం. గాలి కంటె వేగమైనది ఏది? మనస్సు. గడ్డి కంటె అధికమైనది ఏది? చింత.

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఈ రెండవ సమాధానాన్ని వేరుగా వివరించనక్కరలేదు. చేలో కలుపు తీసి గట్టెక్కిన వారం రోజులకే మళ్లీ మొలక కనిపిస్తుంది. చింత కూడా అటువంటిదే. ఒకటి తీరిందని ఊపిరి పీల్చుకొనేలోగా నాలుగు మొలుస్తాయి. పైపైన కోసిన గడ్డి మళ్లీ చిగురిస్తుంది. వేరుతో పెరికినది చిగురించదు. చింతను వేరుతో పెరికే సాధనానికి మన పెద్దలు పెట్టిన పేరు 'విచారం'.

ఈ మాటను ఒక్క క్షణం గమనించండి. తెలుగు వాడుకలో విచారమంటే దుఃఖమని అర్థం స్థిరపడింది. "ఎందుకు అంత విచారంగా ఉన్నారు?" అని పలకరిస్తాము. శాస్త్రంలో మాత్రం విచారమంటే పరిశీలన. ప్రశ్నించి తత్త్వాన్ని తెలుసుకోవడం. యోగవాసిష్ఠం మోక్షద్వారానికి నలుగురు ద్వారపాలకులను చెప్పింది: శమం, విచారం, సంతోషం, సాధుసంగమం. ఆ నలుగురిలో ఒకరైన విచారం మన నోట దుఃఖానికి పర్యాయపదమైనది. రోగానికీ మందుకూ ఒకే పేరు కుదిరిందన్నమాట. మొదటి విచారాన్ని రెండవ విచారంతో పోగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవడమే ఈ నెల పాఠం.

యక్షుని సరస్సు వద్ద జరిగినదేమిటి? పాండవులు దప్పికతో అలసి ఉన్నారు. నకులుడు నీటికై వెళ్లాడు. తన ప్రశ్నలకు సమాధానం చెప్పిన తరువాతనే నీరు త్రాగుమని అశరీరవాణి పలికింది. అతడు లక్ష్యపెట్టక త్రాగి పడిపోయాడు. సహదేవుడు, అర్జునుడు, భీముడు వరుసగా అదే చేసి అలాగే పడిపోయారు. బలానికి గాని, విద్యకు గాని, శౌర్యానికి గాని వారిలో లోటు లేదు. దప్పిక తొందరలో ప్రశ్న వద్ద ఆగకపోవడమే వారికి చేటు తెచ్చింది. ధర్మరాజుకూ దాహమున్నది, పైగా నలుగురు తమ్ములు కన్నుల ఎదుట విగతజీవులై పడి ఉన్నారు. అయినా ఆయన ఆగాడు, ప్రశ్నలు విన్నాడు, సమాధానం చెప్పాడు. తమ్ములు నలుగురూ తిరిగి లేచారు.

బాధించే తలపు వచ్చినపుడు మనమూ ఆ సరస్సు ఒడ్డునే నిలబడి ఉంటాము. తలపు తోచిందే తడవుగా దానిని నమ్మి త్రాగివేయడం నకులుని మార్గం. ఆగి ప్రశ్నించడం ధర్మరాజు మార్గం.

ఈ మార్గాన్ని నేను గ్రంథాల కంటె మా ఊరి వారి కష్టాలలోనే స్పష్టంగా చూశాను. ఒక కార్తికమాసంలో తుపాను వెలిసిన మూడవనాడు, ఆలయ మండపంలో నా ప్రవచనం ముగిసిన తరువాత ఒక కౌలు రైతు మిగిలిపోయాడు. సార్వా కోతల కాలమది. "మాస్టారండీ, కోసిన పనలు నీళ్లలో తేలుతున్నాయండి. మూడు రాత్రులైంది కన్ను మూతపడి. అంతా పోయిందండి. పిల్లలకి ముఖం ఎలా చూపించమంటారు? నేను దేనికీ పనికిరానండి" అన్నాడు. వేదాంతం చెప్పి పంపివేయదగిన సందర్భం కాదది. ఆయనను కూర్చోబెట్టి, ప్రసాదం తినిపించి, ఆ తలపును ఇద్దరమూ కలిసి నాలుగు ప్రశ్నలు అడిగాము.

మొదటి ప్రశ్న: ఇది చూచినదా, ఊహించినదా? మన దర్శనాలు జ్ఞానానికి ప్రమాణాలను నిర్ణయించాయి. ప్రత్యక్షం, అనుమానం, ఆప్తవాక్యం వాటిలో ముఖ్యమైనవి. తలపు వీటిలో దేనిమీద నిలిచి ఉన్నదో అడగాలి. వరదల కాలంలో మనకిది అనుభవమే. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. కొలబద్ద మీద కనిపించే అంకె ప్రత్యక్షం. గట్టు తెగిందట అని ఊరంతా ప్రాకే మాట పుకారు. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చివేసిన తుపానును చూచినవారి గుండెలో భయం ఉండటం సహజం. ఆ భయానికి కారణం లేకపోలేదు. అయినా నేటి నీటిమట్టాన్ని నేటి కొలబద్ద మీదనే చూడాలి గాని, నాటి జ్ఞాపకం మీద చూడరాదు. మనస్సు చెప్పే అంకె కొలబద్ద చూపే అంకె కంటె తరచుగా ఎక్కువే ఉంటుంది.

ఆ రైతును అడిగాను. "అంతా పోయిందన్నారు గదా, చూచి వచ్చారా?" ఆయన కొంతసేపు ఆలోచించి, పల్లపు మడులు మునిగిన మాట నిజమనీ, మెరక చేను ఇంకా కోయలేదనీ, అది పడిపోయినా నీట మునగలేదనీ చెప్పాడు. నష్టం నిజం. 'అంతా' అన్న మాట మనస్సు చేర్చినది.

రెండవ ప్రశ్న: ఇందులో నా చేతిలో ఉన్నదేమిటి? కర్మమందే నీకు అధికారమున్నది, ఫలమందు లేదని గీతాచార్యుడు రెండవ అధ్యాయంలో బోధించాడు. ఇది చేతులు ముడుచుకొని కూర్చోమనే ఉపదేశం కాదు. ఉన్న చేతులను సరియైన చోట పెట్టమనే ఉపదేశం. తుపానును ఆపడం రైతు చేతిలో లేదు. మడిలోని నీటిని బయటకు తీయడం, గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి తడిసిన పనల మీద పిచికారీ చేయడం, పంట నమోదు కాగితాలతో వ్యవసాయ అధికారిని కలిసి నష్టం వ్రాయించడం ఆయన చేతిలో ఉన్నవి. ఈ మూడింటినీ ఆయన నాకంటె బాగా ఎరుగును. మూడు రాత్రుల చింత వాటిని మరపింపజేసింది.

మూడవ ప్రశ్న: ఈ తలపును నమ్మితే ఇది నన్ను ఎక్కడికి తీసుకొని పోతుంది? గీత రెండవ అధ్యాయం 62, 63 శ్లోకాలలో భగవానుడు ఒక మెట్ల వరుసను చూపాడు. విషయాన్ని పదే పదే తలచడం వలన సంగం, సంగం వలన కామం, కామం వలన క్రోధం, దాని వలన సమ్మోహం, స్మృతిభ్రంశం, బుద్ధినాశం, చివరకు వినాశం. పతనమంతా ఒక తలపును తిరిగి తిరిగి తలచడంతోనే మొదలైనది. క్రింది మెట్టు మీద ఆగడం కష్టం. పై మెట్టు మీద ఆగడం తేలిక. "నేను పనికిరాను" అన్న తలపు మూడు రోజులలో ఏమేమి చేయించిందని అడుగగా, ఆయన తల వంచుకొని, భార్యపై కేకలు వేశాననీ, చేనివైపు పోలేదనీ అన్నాడు. తుపాను చేయని పని తలపు చేసింది.

నాల్గవ ప్రశ్న అన్నింటికంటె సూక్ష్మమైనది: ఈ తలపు ఎవరికి కలిగినది? ఇది అరుణాచలంలో భగవాన్ శ్రీ రమణ మహర్షి లోకానికి అందించిన ప్రశ్న. 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్లై అనే భక్తుడు అడిగిన సందేహాలకు, అప్పుడు మాట్లాడక ఉన్న మహర్షి వ్రాసి చూపిన సమాధానాలే తరువాత 'నేనెవరు' అనే చిన్న గ్రంథమయ్యాయి. తలపు పుట్టగానే దాని వెంట పోక, ఇది ఎవరికి పుట్టినదని చూడాలి. నాకు అని తోస్తే, ఆ నేను ఎవరని చూడాలి. అప్పుడు మనస్సు తాను పుట్టిన చోటికి మరలుతుంది. ఇదీ ఆ బోధ సారాంశం. మన తెలుగువారైన కావ్యకంఠ గణపతి మునికి, ఎన్నో శాస్త్రాలు చదివి, ఎంతో జపం చేసినా, తపస్సు అంటే ఏమిటో తెలియలేదన్న వేదన మిగిలింది. 1907లో ఆయన మహర్షిని శరణు వేడగా, నేను అన్న స్ఫురణ ఎక్కడ నుండి పుడుతున్నదో అక్కడ చూడుమనే ఉపదేశం లభించింది. ఆ యువయోగిని 'భగవాన్ శ్రీ రమణ మహర్షి' అని ముందుగా కీర్తించినది ఆ ముని వరేణ్యుడే. ఆ బోధను మన డెల్టా పల్లెలలో సామాన్యులకు తేట మాటలలో వినిపించినవారు పశ్చిమ గోదావరి జిల్లా జిన్నూరు నాన్నగారు.

గట్టున కూర్చున్నవాడు ఏటిలో కొట్టుకొని వచ్చే చెత్తనూ చూస్తాడు, పూలనూ చూస్తాడు. తాను కొట్టుకొని పోడు. తలపును చూస్తున్నవాడు తలపు కాడు. "నేను పనికిరాను" అన్న మాట వినిపించినపుడు, ఆ మాటను వింటున్నవాడొకడు ఉన్నాడు గదా! వాడు పంట చేతికి వచ్చిన ఏడు పెరగలేదు, పోయిన ఏడు తరగలేదు. ఆ రాత్రి ఆ రైతుకు ఈ చివరి మాట ఎంతవరకు అందిందో నేను చెప్పలేను. తెల్లవారి పిచికారీ పంపు భుజాన వేసుకొని చేనికి వెళ్లాడని మాత్రం ఎరుగుదును. ఆ ఏడు నష్టం నష్టంగానే మిగిలింది, అప్పు అప్పుగానే ఉన్నది, మనిషి నిలిచాడు.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. మొదటిది: ఈ ప్రశ్నలు మన తలపులను అడగడానికే గాని, దుఃఖంలో ఉన్న ఎదుటివారిని నిలదీయడానికి కావు. ఆపదలో ఉన్నవారికి ముందు అన్నం, ఆసరా, తోడు, విచారణ తరువాత. రెండవది: కొన్ని బాధలు శరీరానికి జ్వరం వచ్చినట్లు మనస్సుకు వచ్చే వ్యాధులు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బ్రదుకు మీద విరక్తి కలిగినా వైద్యుని తప్పక చూడాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితంగా ఫోను చేస్తే, రాత్రింబవళ్లు మాట్లాడేవారు ఉంటారు. ఔషధం పుచ్చుకోవడం భక్తికి లోపం కాదు.

మనస్సు గాలి వలె పట్టుకోరానిదని అర్జునుడే మొరపెట్టాడు. అభ్యాసంతో, వైరాగ్యంతో అది వశమవుతుందని భగవానుడు గీత ఆరవ అధ్యాయంలో అభయమిచ్చాడు. కనుక ఈ నెలరోజులు ఒక చిన్న అభ్యాసం చేయండి. సంధ్యాదీపం వెలిగించిన తరువాత, ఆనాడు మిమ్ములను ఎక్కువగా బాధించిన తలపు ఒకదానిని ఒక్క వాక్యంలో కాగితం మీద వ్రాయండి. దాని క్రింద నాలుగు ప్రశ్నలు వేసుకొని సమాధానాలు వ్రాయండి: చూచినదా, ఊహించినదా? నా చేతిలో ఉన్నదేమిటి? నమ్మితే ఎక్కడికి తీసుకొని పోతుంది? ఎవరికి కలిగినది? మొదటి మూడింటికి మాటలతో సమాధానం వ్రాయవచ్చును. నాల్గవ దానికి వ్రాయవద్దు. కనులు మూసుకొని కొంతసేపు మౌనంగా కూర్చోండి. తరువాత ఆ కాగితాన్ని స్వామి పాదాల చెంత ఉంచి, రెండవ ప్రశ్నకు వ్రాసుకొన్న పనిని మరునాడు తప్పక చేయండి.

అందరి చిత్తములలోనూ స్వామి శాంతిని నెలకొల్పుగాక!

సర్వే జనాః సుఖినో భవంతు.