గడ్డిపోచకు అతుక్కునే గోరంత స్క్విడ్

లాస్‌పేటకు సముద్రం దగ్గరే. చేపల బజారుకు వెళితే ‘కణవాయ్’ అని తమిళంలో పిలిచే జానెడు స్క్విడ్‌లు కనిపిస్తాయి. కానీ ఆ బుట్టల్లోకి రాని స్క్విడ్ ఒకటుంది. బాగా ఎదిగినా దాని ఒళ్లు సాధారణంగా రెండు సెంటీమీటర్లు దాటదు. మామూలు వల కన్నుల్లోంచి ఇట్టే జారిపోతుంది. దాని ప్రజాతి ఇడియోసెపియస్. 1881లో డెన్మార్క్ జంతుశాస్త్రవేత్త స్టీన్‌స్ట్రప్ పెట్టిన పేరది. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున థాయ్‌లాండ్ నుంచి జపాన్, ఆస్ట్రేలియా దాకా లోతులేని తీరజలాల్లో ఈ ప్రజాతి జీవులు ఉంటాయి.

ఇంత చిన్న ప్రాణి అలల తాకిడికి కొట్టుకుపోకుండా ఎలా నిలుస్తుంది? దాని వీపు మీద జిగురు గ్రంథులున్నాయి. సముద్రపు గడ్డి ఆకుకు వీపు ఆనించి అతుక్కుంటుంది, అవసరమైతే విడిపించుకుంటుంది. అన్నట్టు, సముద్రపు గడ్డి నాచు కాదు. వేళ్లు, పూలు ఉన్న అసలైన మొక్క.

వేట చూస్తే దీన్ని పసిదని ఎవరూ అనరు. జపాన్ జాతి మీద చేసిన పరిశీలనల్లో తేలిందిది: ఆకు మీద కాచుకుని ఉండి రొయ్యను పట్టుకుంటుంది, దానికి చచ్చుదనం తెప్పిస్తుంది. తరవాత నోటిని పెంకులోకి చొప్పించి, లోపలి మాంసాన్ని జీర్ణరసాలతో కరిగించి పీల్చేస్తుంది. చివరికి మిగిలేది ఖాళీ పెంకే! స్క్విడ్‌లు సిరా చిమ్మేది పారిపోవడానికని చదువుకున్నాం కదా. ఇది ఆ సిరాను తనకూ రొయ్యకూ మధ్య తెరలా వదిలి, ఆ చాటు నుంచి దాడి చేయడం కూడా 2016లో నమోదైంది.

2023లో ఇదే కుటుంబానికి చెందిన రెండు కొత్త జాతులను జపాన్ దక్షిణ దీవుల నుంచి వర్ణించారు. వాటిలో ఒకదానికి ‘కిజిమునా’ అని పేరు. ఒకినావా కథల్లో మర్రిచెట్టు మీద ఉండే చిట్టి భూతమది. మన మర్రిచెట్టు దయ్యాలకు చుట్టమన్నమాట.

ఈ స్క్విడ్ గుడ్లు పెట్టేదీ గడ్డి ఆకుల మీదే. ఆయుష్షు కొద్ది నెలలే కాబట్టి మడి ఒక్క కాలం పాడైనా అక్కడ తరవాతి తరానికి చోటుండదు. మన తీరంలో ఇలాంటి గడ్డి విస్తారంగా ఉన్నది పుదుచ్చేరికి దక్షిణాన, రామేశ్వరం దగ్గరి పాక్ అఖాతంలో. నేలను ఈడ్చుకుపోయే మరబోట్ల వలలు ఆ మడులను పెకలిస్తాయి. అక్కడ 448 చదరపు కిలోమీటర్లను 2022లో తమిళనాడు ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అది గడ్డి మేసే డ్యూగాంగ్ కోసం, అంటే సముద్రపు ఆవు కోసం చేసిన ఏర్పాటు. దాని నీడన ఆ ఆకులను పట్టుకుని బతికే చిన్నప్రాణులకూ చోటు దక్కింది.