తెడ్డు పట్టాలనుకునే మనవడికి

అద్దంకి.



భారత రోయింగ్ జట్టుకు ఏళ్ల తరబడి ప్రధాన శిక్షకుడిగా పనిచేసిన ఇస్మాయిల్ బేగ్ ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. సైన్యంలో చేరి, అక్కడే తెడ్డు పట్టి, తరువాత శిక్షణ వైపు వచ్చారు. ఒలింపిక్స్ రోయింగ్‌లో భారత్ తొలిసారి దిగింది 2000లో, సిడ్నీలో. అప్పుడు పోటీపడిన జోడీ కాసం ఖాన్, ఇందర్‌పాల్ సింగ్. 2005లో బేగ్‌కు ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. ఆ ఏడాదే ఆసియా రోయింగ్ చాంపియన్‌షిప్ హైదరాబాద్‌లో జరిగింది.

ఆయన శిష్యుల్లో ముందుగా చెప్పుకోవలసింది రాజస్థాన్ సైనికుడు బజరంగ్‌లాల్ ఠాఖర్. 2006 దోహా ఆసియా క్రీడల్లో ఒంటరి పడవ పోటీలో రజతం తెచ్చాడు. నాలుగేళ్లకు గ్వాంగ్‌జౌలో అదే పోటీలో స్వర్ణం గెలిచాడు. ఆసియా క్రీడల రోయింగ్‌లో భారత్‌కు అదే తొలి స్వర్ణం. రజతానికీ స్వర్ణానికీ నడుమ గడిచిన ఆ నాలుగేళ్లను ఈ ఆటకు వచ్చే ప్రతి కుర్రవాడూ గుర్తుంచుకోవాలి. తెల్లవారుజామున నీళ్ల మీదికి వెళ్లడం, అదే కదలికను వేలసార్లు సరిదిద్దుకోవడం తప్ప అక్కడ వేరే మార్గం లేదు.

పోటీ దూరం 2,000 మీటర్లు. ఆటగాడు వెనక్కి తిరిగి కూర్చుంటాడు; గమ్యం వీపు వైపు ఉంటుంది. బలమంతా భుజాలదేనని చూసేవారు అనుకుంటారు. కానీ పీట ముందుకూ వెనక్కూ జరుగుతుంది కనుక నెట్టే శక్తిలో ఎక్కువ భాగం కాళ్లదే. అందుకే పొడవు, ఊపిరి, తొడల బలం చూసి సైన్యం కుర్రవాళ్లను ఎంచుకుంటుంది. మహారాష్ట్రకు చెందిన దత్తు భోకనల్ సైన్యంలో చేరేదాకా ఈ ఆట ఎరుగడు. 2016 రియోలో 13వ స్థానంలో నిలిచాడు. 2018 ఆసియా క్రీడల్లో ఒంటరి పోటీ ఫైనల్‌లో అలసి చిట్టచివర వచ్చాడు. మరునాడే స్వర్ణ్ సింగ్, ఓంప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్‌లతో కలిసి నలుగురి పడవలో స్వర్ణం సాధించాడు. ఈ ఆటలో ఇంతకన్నా గొప్ప పాఠం లేదు: ఒక రోజు ఓటమి మరునాటి పడవలోకి ఎక్కకూడదు.

2020 టోక్యో ఒలింపిక్స్‌లో అర్జున్‌లాల్ జాట్, అర్వింద్ సింగ్ జోడీ 11వ స్థానం పొందింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ ఆటలో భారత్‌కు రెండు రజతాలు, మూడు కాంస్యాలు వచ్చాయి. పతకం గెలిచినవారి పేరు పేపర్లో వస్తుంది. గట్టున నిలబడి తరం తరువాత తరాన్ని తయారుచేసినవారి పేరు అంతగా వినిపించదు. గెలవడం, తయారుచేయడం: ఈ రెండింటిలో ఎక్కువ ఓర్పు కోరేది రెండోదే.

అద్దంకి పక్కన గుండ్లకమ్మ ఉన్నా, వేసవికి ఇసుక తేలుతుంది. ఏడాది పొడవునా సాధన అక్కడ కుదరదు. ఈ ప్రాంతపు కుర్రవాడు ముందు ఈత బాగా నేర్చుకోవాలి. చదువు మానకూడదు. ఆ పైన పుణెలోని సైన్యపు శిక్షణ కేంద్రం ఆర్మీ రోయింగ్ నోడ్ వైపు చూడాలి. దేశంలో ఈ ఆటకు అంతకన్నా గట్టి బడి లేదు.

ఆశీస్సులతో,
తాతయ్య