వాన రాకడ

“వాన రాకడ, ప్రాణము పోకడ యెవరికిని తెలియవు” అని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ సామెత పుట్టిన కాలమున నది నిజమే. నేడు దానిలోని మొదటి మాట చాలవరకు మారినది. వాన రాకడను కొన్ని దినములు ముందుగనే తెలిసికొనుట సాధ్యమైనది. ఆ తెలివి వలన రెండవ మాటయు కొంత మారుచున్నది.

తూర్పు కనుమలలో, రంపచోడవరమునకు చేరువను, కొండల నడుమ అడ్డతీగల యున్నది. కొండరెడ్లు, కోయదొరలు మున్నగు గిరిజనులు తరతరములుగ నివసించు సీమ యది. కొండవాలున పోడు కొట్టి సామ, చోడి, కంది చల్లువారికి తొలకరి యెప్పుడు వచ్చుననునది ప్రాణప్రదమైన ప్రశ్న. ఒక జల్లు పడగనే విత్తనములు చల్లి, పిమ్మట రెండు వారములు ఎండ కాసినచో మొలకలు మాడిపోవును. మరల చల్లుటకు పేదరైతు ఇంట గింజలుండవు.

పూర్వులు ఈ ప్రశ్నకు కార్తెలతో సమాధానము వెదకిరి. సూర్యుడు నక్షత్రముల మీదుగ సాగు క్రమమును బట్టి వారు సంవత్సరమును 27 కార్తెలుగ విభజించిరి. ఒక్కొక్క కార్తె పదుమూడు, పదునాలుగు దినములుండును. రోహిణి కార్తె యెండకు రోళ్లు పగులుననియు, మృగశిర ప్రవేశింపగనే నేల చల్లబడుననియు వారి యనుభవము. మృగశిర జూన్ మొదటి వారము చివర ప్రవేశించును. నైఋతి ఋతుపవనము సాధారణముగ జూన్ 1వ తేదీకి కేరళమును చేరి, తరువాత కొలది దినములలో ఆంధ్రదేశమున ప్రవేశించును. కావున పూర్వుల లెక్క నిరాధారము కాదు. అయితే కార్తె తెలుపునది అనేక సంవత్సరముల యనుభవపు సగటు మాత్రమే. ఈ యేడు, ఈ వారము ఏమి జరుగునో అది చెప్పజాలదు. అనేక సంవత్సరముల సగటును శీతోష్ణస్థితి యందురు. నేటి, రేపటి గాలివానల తీరును వాతావరణమందురు. రైతునకు రెండును తెలియవలెను.

వాన యెట్లు పుట్టును? సూర్యకిరణములు ముందుగ నేలను వేడిచేయును. నేల తనను తాకియున్న గాలిని వేడిచేయును. వేడెక్కిన గాలి వ్యాకోచించి, తేలికయై పైకి లేచును. పైకి పోయినకొలది పీడనము తగ్గును గనుక ఆ గాలి మరింత వ్యాకోచించి చల్లబడును. వాతావరణమున ప్రతి 1000 మీటర్ల యెత్తునకు ఉష్ణోగ్రత సగటున 6.5 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గును. సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకులోయ విశాఖపట్టణము కంటె చల్లగ నుండుటకు ఇదియే ముఖ్యకారణము. గాలి చల్లబడినప్పుడు అందలి నీటియావిరి సూక్ష్మమైన ధూళికణములపై చేరి బిందువులగును. ఆ బిందువుల గుంపే మేఘము. అట్టివి లక్షల కొలది కలిసిననే గాని యొక్క వానచినుకు తయారు కాదు.

కొండసీమలో గాలిని పైకి లేపుటకు మరియొక సాధనము కలదు. అది కొండయే. బంగాళాఖాతమున అల్పపీడనము ఏర్పడినప్పుడు సముద్రపు తడిగాలి లోనికి వీచును. కనుమలు అడ్డుపడగ అది వాలు వెంట పైకెక్కి, చల్లబడి వర్షించును. అందువలననే ఒక వాలున కుండపోతగ కురిసి, కొండ కావలి వైపున తుంపర మాత్రమే పడుట కలదు.

చంద్రునికి గుడి కట్టినచో వాన వచ్చునని గ్రామీణులు చెప్పుదురు. ఇందును శాస్త్రము కలదు. చాల యెత్తున మంచు స్ఫటికములతో నిండిన పలుచని మేఘము పరచుకొన్నప్పుడు, చంద్రకాంతి ఆ స్ఫటికములలో వంగి వలయముగ కనబడును. అట్టి మేఘము తరచు వానమేఘములకు ముందు నడచును. కాని యొక మనిషి కన్ను తన కొండల యంచు వరకే చూడగలదు. సముద్రముపై పుట్టుచున్న వాయుగుండము అడ్డతీగల నుండి కనబడదు. ఆ కొఱత తీరుటకు అనేక స్థలముల కన్నులు కలియవలెను.

1864లో కలకత్తాను ఘోరమైన తుపాను తాకెను. 1866లోను, 1871లోను వానలు విఫలమయ్యెను. ఈ విపత్తుల పిమ్మట 1875లో భారత వాతావరణశాఖ యేర్పడెను. నేడు దేశమంతటను నిర్ణీత సమయములందు ఉష్ణోగ్రత, పీడనము, తేమ, గాలివేగము కొలిచెదరు. విశాఖపట్టణము వంటి కేంద్రముల నుండి పరికరములు కట్టిన బెలూనులను పైకి వదలెదరు. ఇన్శాట్ ఉపగ్రహములు మేఘములను పైనుండి చిత్రించును. విశాఖపట్టణము, మచిలీపట్టణములందలి రాడారులు మేఘములోని చినుకుల కదలికను పసికట్టును.

ఈ కొలతల నుండి రేపటి వాతావరణమును లెక్కకట్టుట యెట్లు? అల్లూరి సీతారామరాజు అడ్డతీగల ఠాణాను ముట్టడించిన 1922వ సంవత్సరముననే, ఇంగ్లండున రిచర్డ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు ఇందుకొక గ్రంథము ప్రకటించెను. గాలి చలనము గణిత సూత్రములకు లోబడును గనుక భవిష్యత్తును లెక్కింపవచ్చునని ఆయన వాదము. ఆరు గంటల మార్పును చేతితో లెక్కించుటకు ఆయనకు వారముల తరబడి పట్టెను, ఫలితమును తప్పెను. కాని దారి సరియైనదే. 1950లో అమెరికాలో ఎలక్ట్రానిక్ గణనయంత్రము ఆ దారినే నడచి మొదటి ఫలితములను సాధించెను. నేటి సూపర్ కంప్యూటర్లు అట్టి లెక్కలను దినదినమును చేయుచున్నవి.

అయినను సూచన జోస్యము కాదు. నేటి కొలతలో నున్న చిన్నలోపము దినములు గడచినకొలది పెరుగును. రేపటి మాటపై నుంచదగిన నమ్మకము పది దినముల తరువాతి మాటపై నుంచరాదు. మండలమునకంతటికి చెప్పిన సూచన ప్రతి కొండవాలునకు సరిపడకపోవచ్చును.

ఈ పరిమితులతోనే అది ప్రాణములను కాపాడుచున్నది. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనలో వేలమంది మరణించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి, అరకు సీమ వరకు చెట్లను కూల్చెను. కాని దినముల ముందుగనే హెచ్చరిక అందుటచే లక్షలాది ప్రజలను సురక్షిత స్థలములకు తరలించిరి. రాష్ట్రమున మృతుల సంఖ్య వందకు లోపే నిలిచెను.

కొండలలో తుపానే కాదు, వాగును, పిడుగును భయంకరములే. ఒక్క దినమున 64.5 మిల్లీమీటర్లు మించిన దానిని భారీ వర్షమందురు. అంత వాన యొక యెకరముపై కురిసినచో రెండున్నర లక్షల లీటర్లకు పైగ నీరగును. వేల యెకరముల వాలు నుండి ఆ నీరంతయు ఒక్క వాగులోనికి దిగును. దిగువన ఎండ కాయుచున్నను, ఎగువ వానకు వాగు క్షణములలో పొంగును. కనుక నారింజ రంగు హెచ్చరిక వెలువడినప్పుడు సిద్ధముగ నుండవలెను. ఎరుపు వెలువడినప్పుడు వాగు దాటు ఆలోచనయే మానవలెను.

మెరుపు కనబడిన పిమ్మట ఉరుము వినబడువరకు క్షణములు లెక్కింపుడు. మూడు క్షణములకు ఒక కిలోమీటరు చొప్పున దూరము తెలియును. ముప్పది లోపైనచో వెంటనే పక్కా యింటిలోనికి చేరవలెను. పశువులను కాయువారు చెట్టు నీడను ఆశ్రయింపరాదు. చివరి ఉరుము వినబడిన యరగంట వరకు బయటికి రారాదు.

ఆకాశమును చూచు పెద్దల కన్నును, లెక్కలు కట్టు శాస్త్రమును రెండును రైతునకు చుట్టములే. కార్తె దుక్కికి సిద్ధము కమ్మని చెప్పును. సూచన విత్తుటకు తగిన దినము తెలుపును. వాన రాకడ తెలిసియు వాగులోనికి దిగువానిని మాత్రము ఏ శాస్త్రమును రక్షింపజాలదు.