జాడీ అడుగున మచ్చ

ఇంట్లో ఖాళీ ఆవకాయ జాడీ ఉంటే ఒకసారి బోర్లించి చూడండి. ఒళ్లంతా నిగనిగలాడే గ్లేజు. అడుగున మాత్రం ఉత్త మట్టి. అక్కడ పూత ఉంటే కరిగి కింది పలకకు అతుక్కుపోతుంది గనుక ముందే తుడిచేస్తారు. ఆ పూత అంచున, ఉత్త మట్టి మీద, ఒక్కోసారి గోధుమరంగు చారో, తెల్లని పొరో కనిపిస్తుంది. కొత్తగా పని నేర్చినవారు వెంటనే మంటను తిడతారు. కారణం తెలియకుండా మంట మారిస్తే మచ్చ పోదు; కట్టెలూ, శ్రమా పోతాయి. నేరం ఎవరిదో ముందు తేల్చాలి. అనుమానితులు ముగ్గురు.

మొదటిది మట్టి. బందరు, దివిసీమ నేలలకు ఉప్పు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సముద్రాన్నే పొలాల మీదికి తెచ్చింది. పాత్ర ఆరేటప్పుడు నీరు ఉప్పును పైకి మోసుకొచ్చి, గాలి తగిలే అంచుల్లో వదిలేసి తాను ఆవిరైపోతుంది. చౌడు నేల మీద మనం రోజూ చూసేదే ఇది. పరీక్షకు తీరం వైపు మట్టితో ఒక బిళ్ల, గుడివాడ వైపు మట్టితో ఒక బిళ్ల చేసి, గ్లేజు లేకుండా కాల్చండి. తెల్లపొర ఏ బిళ్ల మీద వస్తే ఆ మట్టిలో ఉప్పున్నట్టే. సల్ఫేటు లవణాలనైతే బేరియం కార్బొనేటు కట్టిపడేస్తుంది, కాని అది విషం. పైగా సముద్రపు ఉప్పు క్లోరైడు. దానిమీద ఈ మందు పనిచెయ్యదు. మట్టిని మంచినీళ్లలో నానబెట్టి, తేట వంచేస్తూ పలుమార్లు కడగడమే మార్గం.

రెండవది గ్లేజు. అందులోని సోడా, బోరాక్సు నీళ్లలో కరిగి పక్క మట్టిలోకి పాకుతాయి. అవి సోకినచోట మట్టి తక్కువ వేడికే గాజుబారి, దానిలోని ఇనుము రంగు ముదురుతుంది. గ్లేజు నీళ్లు తేరనిచ్చి, ఆ తేటను మాత్రమే ఒకసారి కాల్చిన బిళ్లకు రాసి మళ్లీ కాల్చండి. చార వస్తే దొంగ దొరికాడు! ఆ క్షారాలను ఇసుకపిండితో ముందే కరిగించి, గాజు చేసి, నూరి వాడాలి. దాన్నే ఫ్రిట్ అంటారు.

మూడవది ఆవిరి. మచ్చ ఒకవైపే, అదీ పక్క పాత్రకు ఎదురుగా ఉంటే, పక్కదాని గ్లేజు ఆవిరే కారణం కావచ్చు. ఈసారి చోటు మార్చి, ఎడం పెంచి చూడండి.

ఇక పొగ సంగతి. ప్రాణవాయువు చాలని మంటలో మట్టి నల్లబడుతుంది. ధరణికోట తవ్వకాల్లో బయటపడ్డ నలుపు-ఎరుపు పాత్రలు ఆ గుట్టు తెలిసి చేసినవే. కారణం తెలియనంతవరకే అది మచ్చ. తెలిశాక అదే రంగు.