బటన్ నొక్కగానే మీ యాప్ బిగుసుకుపోతోందా? బయటి ప్రోగ్రామ్‌ని ఇలా నడపండి

మా ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు తలంబ్రాల దగ్గర్నుంచి అప్పగింతల దాకా మా బాబాయ్ అంతా తన ఫోన్‌లో 4కెలో తీశాడు. ఒక్కో ఫైల్ జీబీల్లో ఉంది, వాట్సాప్‌లో పంపే దారి లేదు. నేను పైథాన్‌లో చిన్న డెస్క్‌టాప్ యాప్ ఒకటి రాసి ఆయన ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ఒక విండో, "ఫైల్ ఎంచుకోండి", "కన్వర్ట్" అని రెండు బటన్లు. వీడియో సైజు తగ్గించే అసలు పని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ది. నా యాప్ దాన్ని పిలుస్తుంది, అంతే.

రెండు రోజుల తర్వాత ఫోన్. "ఒరేయ్, నీ యాప్ నొక్కగానే చచ్చిపోతోందిరా. మూడుసార్లు మూసి తెరిచాను." వెళ్లి చూస్తే ల్యాప్‌టాప్ ఫ్యాన్ మిక్సీలా అరుస్తోంది. టాస్క్ మేనేజర్‌లో మూడు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లు పరిగెడుతున్నాయి. అంటే యాప్ చావలేదు, పని జరుగుతూనే ఉంది. ఆ సంగతి బాబాయ్‌కి తెలిసే దారి నేను పెట్టలేదు. ఇంకో ఘోరం కూడా జరిగింది. ముందు రోజు రాత్రి కన్వర్షన్ సగంలో ఉండగా ఆయన ల్యాప్‌టాప్ ఆపేశాడు. ఫోల్డర్‌లో మిగిలిన ఎంపీ4ని చూసి, అయిపోయిందనుకుని ఫోన్‌లో ఒరిజినల్ డిలీట్ చేశాడు. ఆ ఎంపీ4 ఏ ప్లేయర్‌లోనూ ఓపెన్ కాలేదు. ఒరిజినల్ ఇంకా గ్యాలరీ ట్రాష్‌లో ఉంది కాబట్టి బతికిపోయాం.

తప్పు పూర్తిగా నాది. బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లో సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని రన్‌ని పిలిచాను. చాలా ట్యుటోరియల్స్‌లో ముందు చూపించేది అదే.

విండో ఎందుకు ఆగిపోతుంది?

గ్రాఫికల్ యాప్ ఏదైనా ఒక లూప్ మీద బతుకుతుంది. మౌస్ కదిలింది, కీ నొక్కారు, విండోని మళ్లీ గీయాలి, ఇలాంటి మెసేజ్‌లు వరుసగా వస్తుంటాయి. లూప్ ఒక్కొక్కటీ తీసి పని చేయించి తర్వాతదానికి వెళ్తుంది. టికింటర్‌లో దీని పేరు మెయిన్‌లూప్. మీ బటన్ ఫంక్షన్ కూడా ఈ లూప్‌లోపలే నడుస్తుంది. రన్ అనేది బయటి ప్రోగ్రామ్ పూర్తయ్యేదాకా కదలదు. అది 20 నిమిషాలు తీసుకుంటే లూప్ 20 నిమిషాలు నిలబడిపోయినట్టే.

విండోస్ 5 సెకన్లు చూస్తుంది. అప్పటికీ మెసేజ్‌లు తీసుకోకపోతే మన విండో స్థానంలో దాని నకలు ఒకటి పెట్టి, టైటిల్‌లో "నాట్ రెస్పాండింగ్" అని చేర్చి, మూసేయడానికి అవకాశం ఇస్తుంది. ఆండ్రాయిడ్‌లోనూ టచ్‌కి 5 సెకన్లలో స్పందన లేకపోతే యాప్ స్పందించడం లేదన్న డైలాగ్ రావచ్చు. మన బాబాయ్‌లు అక్కడ మూసేస్తారు. వాళ్ల తప్పేం లేదు, స్క్రీన్ మీద అలాగే రాసుంది కదా!

విండోస్‌లో మన యాప్‌ని బలవంతంగా మూసేస్తే అది పుట్టించిన ప్రాసెస్ దానంతట అదే చావదు. నల్ల కన్సోల్ విండో కనిపించకూడదని నేను దాన్ని దాచేశాను కూడా. అందుకే మూడు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లు కంటికి కనపడకుండా పోటీపడ్డాయి.

మొదలుపెట్టి వెనక్కి వచ్చేయండి

రన్‌కి బదులు పీఓపెన్ వాడాలి. అది ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టి వెంటనే తిరిగొస్తుంది, చేతికి ఒక ప్రాసెస్ ఆబ్జెక్ట్ ఇస్తుంది. అయితే ఆ వెంటనే వెయిట్ అని రాస్తే మళ్లీ పాత కథే. బటన్ ఫంక్షన్ పని మొదలుపెట్టి, బటన్‌ని డిసేబుల్ చేసి, ముగిసిపోవాలి.

మరి బయటి ప్రోగ్రామ్ చెప్పేది వినేదెవరు? దానికి వేరే థ్రెడ్ ఒకటి. ఆ థ్రెడ్ ఔట్‌పుట్‌ని లైన్ లైన్‌గా చదివి ఒక క్యూలో వేస్తుంది. విండో వైపు, టికింటర్‌లోని ఆఫ్టర్‌తో ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒకసారి క్యూ తెరిచి చూసి, ఉన్నవన్నీ తీసుకుని ప్రోగ్రెస్ బార్ కదపాలి. చదివే థ్రెడ్ నుంచి నేరుగా లేబుల్ మార్చకండి. మీ మెషీన్‌లో పని చేసినట్టే ఉంటుంది, ఇంకొకరి దగ్గర ఎప్పుడో ఒకసారి క్రాష్ అవుతుంది. అలాంటి బగ్ పట్టుకోవడం నరకం.

లూప్ మధ్యలో అప్‌డేట్ ఫంక్షన్‌ని పిలుస్తూ పోతే చాలని కొందరు చెబుతారు. నాకు నచ్చదు. అలా పిలిచినప్పుడల్లా యూజర్ క్లిక్‌లు కూడా లోపలికి వస్తాయి. మొదటి పని నడుస్తుండగానే ఇంకోసారి "కన్వర్ట్" నొక్కితే రెండో పని దాని కడుపులో మొదలవుతుంది.

పైప్ నిండితే రెండూ ఆగుతాయి

ఇక్కడ దెబ్బ తినని వాళ్లు తక్కువ. బయటి ప్రోగ్రామ్ ఔట్‌పుట్ మనకి పైప్ ద్వారా వస్తుంది, ఆ పైప్‌కి కొలత ఉంది. లైనక్స్‌లో మామూలుగా 64 కేబీ. మనం చదవకపోతే అది నిండుతుంది. నిండాక రాయబోయిన ప్రోగ్రామ్ ఖాళీ కోసం ఆగుతుంది. మనమేమో అది పూర్తవ్వాలని వెయిట్‌లో ఉంటాం. ఇద్దరూ అలా చూసుకుంటూ కూర్చుంటారు. చిన్న వీడియోతో టెస్ట్ చేస్తే అంతా బాగుంటుంది, గంట వీడియో ఇస్తేనే బయటపడుతుంది.

పైగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన కబుర్లన్నీ స్టాండర్డ్ ఔట్‌పుట్‌లో కాదు, స్టాండర్డ్ ఎర్రర్‌లో చెబుతుంది. ఒక పైప్ చదువుతూ రెండోదాన్ని వదిలేస్తే అదే చిక్కు. నేను ఎర్రర్ వైపుని ఒక లాగ్ ఫైల్‌లోకి మళ్లించాను. ఏదైనా తేడా వస్తే బాబాయ్ ఆ ఫైల్ పంపిస్తే సరిపోతుంది. ప్రోగ్రెస్ కోసం ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ప్రోగ్రెస్ అనే ఆప్షనే ఉంది. దాన్ని స్టాండర్డ్ ఔట్‌పుట్‌కి పంపితే ఎంత వీడియో అయిందో తేలిగ్గా చదవగలిగే లైన్లలో వస్తుంది. మొత్తం నిడివి ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో ముందే తెలుసుకుంటే శాతం లెక్కేయడం సులువు.

ఇన్‌పుట్ సంగతీ మర్చిపోకండి. ఆ పేరుతో ఫైల్ ముందే ఉంటే, ఓవర్‌రైట్ చేయాలా అని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అడుగుతుంది. దాచిన కన్సోల్‌లో ఆ ప్రశ్నకి జవాబిచ్చేవాళ్లు ఉండరు. మైనస్ వై ఆప్షన్ ఇస్తే అడగదు, కానీ పాత ఫైల్‌ని తుడిచేస్తుంది. కాబట్టి టెంపరరీ పేరుతో రాయించి, రిటర్న్ కోడ్ సున్నా వచ్చాకే అసలు పేరు పెట్టండి. సగం ఫైల్‌ని చూసి ఎవరూ ఒరిజినల్ డిలీట్ చేయరు.

"ఆపు" బటన్ సంగతి

టర్మినేట్ పిలిస్తే పోతుంది కదా అనుకున్నాను. విండోస్‌లో టర్మినేట్ అన్నా కిల్ అన్నా ఒకటే, ఉన్నపళంగా గొంతు నొక్కేస్తుంది. ఎంపీ4లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే సూచికని, మూవ్ ఆటమ్ అంటారు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా చివర్లో రాస్తుంది. అది రాయకముందే చంపితే ఫైల్ ఓపెన్ కాదు. బాబాయ్ ఫైల్‌కి పట్టిన గతి అదే. స్టాండర్డ్ ఇన్‌పుట్‌కి పైప్ పెట్టి ఇంగ్లిష్ క్యూ అక్షరం ఒకటి పంపితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సూచిక రాసి మర్యాదగా ఆగుతుంది. కొన్ని సెకన్లు ఆగి, అప్పటికీ పోకపోతేనే టర్మినేట్. ఆ ఆగడం కూడా ఆఫ్టర్‌తోనే, స్లీప్‌తో కాదు. యూజరే ఆపాడన్నది యాప్ గుర్తుపెట్టుకోవాలి, రిటర్న్ కోడ్ ఒక్కదాన్నే నమ్మితే సగం వీడియోకి పూర్తి పేరు వచ్చేస్తుంది. విండో మూసేటప్పుడు కూడా "పని నడుస్తోంది, ఆపేయమంటారా?" అని అడిగి ఇదే దారిలో వెళ్లాలి.

క్యూటీ వాడేవాళ్లకి ఇంత శ్రమ లేదు. అందులోని క్యూప్రాసెస్ లూప్‌తో కలిసే నడుస్తుంది. కొత్త ఔట్‌పుట్ వస్తే ఒక సిగ్నల్, పూర్తయితే ఇంకో సిగ్నల్, థ్రెడ్ అక్కర్లేదు. వెయిట్ ఫర్ ఫినిష్డ్ మాత్రం విండో ఉన్న థ్రెడ్‌లో ముట్టుకోకండి, పేరులోనే ఉంది చూడండి.

ఇదంతా పరీక్షించడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా అవసరం లేదు. విండోస్‌లో మీ కంప్యూటర్‌నే 20 సార్లు పింగ్ చేయమనండి, దాదాపు 20 సెకన్లు నడుస్తూ ఒక్కో లైన్ ఇస్తుంది. అది నడుస్తుండగా విండోని పట్టుకుని స్క్రీన్ అంతా తిప్పండి, మధ్యలో ఆపండి, మూసేయండి. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి పింగ్ ఇంకా మిగిలుందేమో చూడండి.