దద్దు ఆకారానికీ ఒక పేరుంది

చర్మంపై దద్దు వస్తే వైద్యులు దాని రంగు, అది వచ్చిన చోటుతో పాటు ఆకారాన్నీ గమనిస్తారు. జబ్బును గుర్తించడంలో ఆకారం ముఖ్యమైన ఆధారం. అందుకే ఒక్కో ఆకారానికి వైద్యశాస్త్రం ఒక్కో పేరు పెట్టింది.

యాన్యులర్: ఉంగరం ఆకారం. అంచు ఎర్రగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. నడుమ చర్మం కొంత తేటపడుతుంది. తామర ఇందుకు మంచి ఉదాహరణ.

నమ్యులర్: నాణెం ఆకారం. ఇందులో నడుమ భాగం తేటపడదు. ఒక రకం ఎగ్జిమా ఇలా కనిపిస్తుంది.

టార్గెట్: ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు. ఎరిథీమా మల్టీఫార్మే అనే జబ్బులో వస్తాయి.

సెర్పిజినస్: పాములా మెలికలు తిరిగిన గీత. కొంకిపురుగు పిల్లలు చర్మం కింద పాకినప్పుడు ఏర్పడుతుంది.

రెటిక్యులర్: వల ఆకారం. ఢిల్లీ వంటి చోట్ల చలికాలంలో కుంపటికో హీటర్‌కో దగ్గరగా రోజుల తరబడి కూర్చునేవారి కాళ్లపై ఇలాంటి మచ్చలు రావచ్చు.

తామర ఉంగరంలా ఎందుకుంటుంది? దానికి కారణమైన శిలీంధ్రం చర్మం పైపొరలోని కెరటిన్‌ను తింటూ అన్ని వైపులకూ సమంగా వ్యాపిస్తుంది. నడుమ భాగంలో శరీర రక్షణ వ్యవస్థ దాన్ని అణచివేస్తుంటే, అంచున మాత్రం అది చురుగ్గా ఉంటుంది. అందుకే పరీక్షకు అంచు నుంచే పొలుసులు గీకి తీస్తారు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టీరాయిడ్ కలిసిన క్రీములు ఈ ఆధారాన్నే చెరిపేస్తాయి. స్టీరాయిడ్ ఎరుపునూ దురదనూ తగ్గిస్తుంది, శిలీంధ్రాన్ని చంపదు. దాంతో ఉంగరం అంచు చెదిరిపోయి, తామర మరో జబ్బులా కనిపిస్తుంది. దీన్ని టీనియా ఇన్‌కాగ్నిటో, అంటే మారువేషంలోని తామర అంటారు. ఒక్కోసారి ఉంగరంలో మరో ఉంగరం కూడా పుడుతుంది.

ఈలోగా శిలీంధ్రమూ మారుతోంది. ఢిల్లీలోని వల్లభాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక రకం తామర శిలీంధ్రపు నమూనాల్లో దాదాపు మూడో వంతు టెర్బినాఫిన్ మందుకు లొంగలేదు. మన దేశంలో విస్తరించిన ఇలాంటి శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం పలు స్టీరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే వాటిని వైద్యుల చీటీ మీదే అమ్మాలి.

ఉంగరం కనిపించినంత మాత్రాన అది తామరే కానక్కర్లేదు. కుష్ఠు మచ్చ కూడా కొన్నిసార్లు అలాగే ఉంటుంది. అయితే అక్కడ చాలాసార్లు స్పర్శ తగ్గుతుంది. కాబట్టి దద్దు కనిపిస్తే ఏదో ఒక క్రీము రాయకముందే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. ఇప్పటికే ఏదైనా రాసి ఉంటే ఆ ట్యూబునూ వైద్యులకు చూపించాలి. చెరిగిపోయిన ఆకారం చెప్పలేని సంగతి ఆ రెండూ చెబుతాయి.