ముందు అది ఏ డిప్రెషనో తేల్చుకో

ఎష్‌బోర్న్

కార్తీక్,

నీ ఉత్తరం అందింది. మీ వార్డులో ఉన్న బైపోలార్ పేషెంటు అన్నయ్య వచ్చి, "మాగ్నెట్ ట్రీట్‌మెంట్ పెట్టిస్తే మా చెల్లికి ఈ బిళ్లలు మాన్పించొచ్చు కదా డాక్టరు గారూ?" అని అడిగాడని రాశావు. మాన్పించకూడదు. కానీ ఆ ఒక్క మాట చెప్పి ఆయన్ని పంపేయకు. చేతుల వణుకు, ఒళ్లు రావడం, పెళ్లి సంబంధాల దగ్గర మందుల పెట్టె దాచుకోవడం, ఇవన్నీ పడ్డాకే ఎవరైనా అలా అడుగుతారు.

ఈ చికిత్స సంగతికి ముందు నీకు మా పక్క ఊళ్లో జరిగిన ఒక పాత విషయం చెప్పాలి. ఎష్‌బోర్న్‌లో లోకల్ రైలెక్కితే కాసేపట్లో ఫ్రాంక్‌ఫర్ట్.   1936లో కార్ల్ లియోన్‌హార్డ్ అనే సైకియాట్రిస్టు అక్కడికి వచ్చి, యూనివర్సిటీ సైకియాట్రీ విభాగంలో కార్ల్ క్లైస్ట్ దగ్గర చేరాడు. అప్పటికి ఎక్కువమంది నడిచింది క్రెపెలిన్ అనే సైకియాట్రిస్టు దారిలో. ఆయన 1899లో ఉన్మాదాన్నీ విషాదాన్నీ కలిపి ఒకే జబ్బు కింద కట్టేశాడు. లియోన్‌హార్డ్ మాత్రం ఒక్కొక్క పేషెంటునీ ఏళ్ల తరబడి గమనించి, వాళ్ల కుటుంబాల్లో ఎవరెవరికి ఏముందో రాసుకుంటూ పోయాడు. రెండు వైపులకూ ఊగేవాళ్లు వేరు, కిందికి మాత్రమే పడేవాళ్లు వేరు అని 1957లో వెలువడిన పుస్తకంలో విడదీసి చూపించాడు. 1966లో స్విట్జర్లాండ్‌లో యూల్స్ ఆంగ్స్ట్, స్వీడన్‌లో కార్లో పెరిస్ ఎవరి దారిన వాళ్లు పరిశోధించి అదే తేల్చారు. మంచం మీద ముడుచుకుని పడుకున్న ఇద్దరు పేషెంట్లు చూడ్డానికి ఒక్కలాగే ఉంటారు. జబ్బులు మాత్రం రెండు. మాగ్నెట్ విషయంలో ఇదే అసలు కీలకం.

ఇక మాగ్నెట్ మిషన్ సంగతి. తీగచుట్టలో, అంటే కాయిల్‌లో, కరెంటును క్షణంలో పెంచి తగ్గిస్తే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టి, పుర్రె దాటి, లోపలి నాడీకణాల్లో సన్నటి విద్యుత్తును రేపుతుంది. సూత్రం 1831 నాటి ఫారడేది. మనిషి తలమీద ఇప్పటి పద్ధతిలో ప్రయోగించి చూపింది 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం. బలం ఎమ్మారై యంత్రంతో పోల్చదగ్గదే, కానీ మామూలు కాయిల్‌తో లోతు రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. మొదటిరోజు నువ్వు నీ చేత్తో చేయాల్సిన పని ఒకటుంది. పేషెంటు కుడిచేతిని ఒడిలో వదులుగా పెట్టించి, కాయిల్‌ను ఎడమవైపు చేతి కదలికల స్థానం మీద ఆనించి, బలాన్ని మెల్లగా పెంచుతూ బొటనవేలినే చూడు. టక్కుమని శబ్దం, వేలు చిన్నగా ఎగురుతుంది. పది దెబ్బలకు ఐదుసార్లు ఎగిరే బలమే ఆ మనిషికి కొలమానం. డోసు దాన్నిబట్టే లెక్కకడతారు. తర్వాత కాయిల్‌ను ముందుకు, నుదుటి వెనక భాగానికి జరుపుతారు. చెవుల్లో బిరడాలు పెట్టడం మరువకు. తలలో లోహపు క్లిప్పులున్నాయా, కాక్లియర్ ఇంప్లాంట్ ఉందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని కూడా అడుగు. ఫిట్స్ ప్రమాదం అరుదే కానీ, నిద్ర లేని రాత్రి, మద్యం దాన్ని పెంచుతాయి.

ఇది షాక్ ట్రీట్‌మెంట్ (ఈసీటీ) కాదు. మత్తు అక్కర్లేదు, పేషెంటు మెలకువగా కూర్చునే ఉంటాడు. అయితే తిండి మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్న డిప్రెషన్‌లో ఈసీటీయే బలమైనదని నా మాటగా గుర్తుంచుకో.

2008లో అమెరికా ఎఫ్‌డీఏ డిప్రెషన్‌కు ఈ చికిత్సను అనుమతించింది. దానికి ఆధారమైన పెద్ద పరీక్షలో బైపోలార్ ఉన్నవాళ్లను అసలు చేర్చుకోలేదు. కాబట్టి ఆ ఫలితాన్ని అరువు తెచ్చుకుని మీ వార్డులోని అమ్మాయికి అంటగట్టడం న్యాయం కాదు. బైపోలార్ మీద విడిగా చేసిన పరీక్షలు తక్కువ, ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. 2021లో ఫలితాలు వెలువడిన, కెనడాలో 37 మందితో చేసిన పరీక్షను ఉత్తుత్తి చికిత్సతో తేడా కనిపించక మధ్యలోనే ఆపేశారు. 2024లో వెలువడిన పరీక్షలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు 24 మందిని తీసుకుని, ఐదు రోజులపాటు రోజుకు పదిసార్లు ఇచ్చారు. అసలు చికిత్స అందినవాళ్ల డిప్రెషన్ స్కోరు సగటున 30.4 నుంచి 10.5కు దిగింది, ఉత్తుత్తి చికిత్సలో 28 నుంచి 25.3కే. నాకు ఆశ కలిగించిన పరీక్ష ఇది. అయినా 24 మందే.

ఆ ఆశ ఎందుకంత ముఖ్యమంటే, బైపోలార్ మొదటి రకం ఉన్న 146 మందిని సగటున దాదాపు 13 ఏళ్లు గమనిస్తే, మొత్తం వారాల్లో దాదాపు మూడోవంతు డిప్రెషన్‌లోనే గడిచింది, ఉన్మాదంలో గడిచింది దాదాపు తొమ్మిది శాతమే. పక్కింటివాళ్లకు కనిపించేది ఆ తొమ్మిది శాతం. ఇంట్లోవాళ్లు మోసేది ఆ మూడోవంతు. ఆ డిప్రెషన్‌కు మనదగ్గరున్న మందులు చాలడం లేదు.

మాగ్నెట్ పెడితే ఉన్మాదంలోకి తిరగబడతారేమో అన్న భయం సహజమే. 2008లో పాత పరీక్షలన్నీ కలిపి చూస్తే అది ఒక శాతంలోపే, ఉత్తుత్తి చికిత్సలోనూ దాదాపు అంతే. తక్కువ అన్నారని చూడటం మానకు. రోజూ కాయిల్ పెట్టేముందు, "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావమ్మా?" అని అడుగు. మూడు గంటలే పడుకున్నా హుషారుగా ఉన్నానంటే ఆరోజు మిషన్ ఆన్ చేయకు, నీ ప్రొఫెసర్‌కు ఫోన్ చెయ్యి. అన్నయ్యను విడిగా పిలిచి మాట వేగం, ఫోన్లో పెట్టే ఖర్చు కనుక్కో.

ఇక ఆ బిళ్లల సంగతికొస్తే, 1949లో జాన్ కేడ్ లిథియం వాడి చూపినప్పటి నుంచీ, జబ్బు మళ్లీ మళ్లీ రాకుండా ఆపడంలో దానికి పోగైన ఆధారం మాగ్నెట్‌కు ఇంకా లేదు. లిథియం ఉన్నట్టుండి మానేస్తే ఉన్మాదం తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే అన్నయ్యకు ఇలా చెప్పు: బిళ్లల పని వేరు, మాగ్నెట్ పని వేరు. బిళ్లలు కొనసాగిస్తూ డిప్రెషన్ తగ్గని దశలో దీన్ని కలిపి చూడొచ్చు, ఖాయమైన హామీ మాత్రం లేదు. వణుకు గురించీ ఒళ్లు గురించీ అడుగు, లిథియం రక్తపరీక్ష చేయించు. డోసు సవరిస్తే సగం విసుగు తగ్గొచ్చు.

ఆ అమ్మాయి పాత కేస్‌షీట్లన్నీ తిరగెయ్యి. మొదటి డిప్రెషన్ ఏ వయసులో వచ్చింది, ఇంట్లో ఇంకెవరికి ఉంది, ఎప్పుడైనా రెండు మూడు వారాలు మరీ హుషారుగా ఉందా, ఇవి రాసి పంపు. అవి చూశాక మాగ్నెట్ సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
పిన్ని